స్కూల్ కంప్యూటర్ నెట్‌వర్క్‌కు కాపలా: ఏ పని ముందు, ఏది తర్వాత

"వెబ్‌సైట్లు బ్లాక్ చేశాం. అయినా పిల్లలు ఏదో ఒక దారి వెతుక్కుంటున్నారు. ఇంకేం సాఫ్ట్‌వేర్ కొనాలి?" స్కూల్లో కంప్యూటర్లు చూసుకునే టీచర్లు, ల్యాబ్ ఇన్‌చార్జ్‌లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. చాలాచోట్ల కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. ఉన్నవాటినే సరైన వరుసలో సరిచేసుకోవాలి.

వరుస ఎందుకు ముఖ్యమో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. బ్రిటన్‌లో డేటా రక్షణ చూసే ఇన్ఫర్మేషన్ కమిషనర్ కార్యాలయం, 2022 జనవరి నుంచి 2024 ఆగస్టు వరకు విద్యాసంస్థల్లో లోపలివాళ్ల వల్ల జరిగిన 215 డేటా ఉల్లంఘనలను పరిశీలించింది. అందులో 57 శాతం విద్యార్థులు చేసినవే. దొంగిలించిన లాగిన్‌తో జరిగినవి 30 శాతం, వాటిలో 97 శాతం విద్యార్థుల పని. భద్రతను దాటడానికి నిజంగా పెద్ద టెక్నిక్‌లు వాడినవి 5 శాతమే. అంటే పెద్ద టెక్నిక్‌ల కంటే దొంగిలించిన పాస్‌వర్డ్‌తో జరిగేవే చాలా ఎక్కువ. అందుకే ఇక్కడ ఖాతాల పని రెండో అడుగు. అందరూ మొదట పట్టుకునే ఫిల్టర్, అంటే వెబ్‌సైట్లను అడ్డుకునే ఏర్పాటు, ఐదో అడుగు.

## 1. మొదలుపెట్టే ముందు

ప్రిన్సిపల్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఏయే లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న నమోదులు) ఉంచుతారు, ఎంతకాలం ఉంచుతారు, ఎవరు చూడొచ్చు అన్నవి అందులో ఉండాలి. రేపు ఏదైనా గొడవ వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ కాగితమే.

తర్వాత పరీక్షించి చూడటానికి, విద్యార్థులకు ఉండే హక్కులతోనే ఒక ఖాతా తెరవండి. ఆ ఖాతాతో లాగిన్ అయి, ల్యాబ్‌లో పిల్లలు కూర్చునే చోటే ఒక గంట కూర్చోండి. ఈ గంటలో బయటపడే లోపాలు చాలా ఖరీదైన ఆడిట్‌లో కూడా బయటపడవు. ఇవి చేసి చూడండి:

☐ నెట్‌వర్క్‌లో కనిపించే ప్రతి షేర్డ్ ఫోల్డర్ తెరవండి. "మార్కులు", "పాస్‌వర్డ్", "ప్రశ్నపత్రం" అని వెతకండి.
☐ బ్రౌజర్‌లో రౌటర్, స్విచ్ (నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే పెట్టె), ప్రింటర్, కెమెరాల ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఉండే నంబర్) కొట్టి చూడండి. లాగిన్ పేజీ వచ్చిందంటే పిల్లలకూ వస్తుంది.
☐ సేవ్ అయి ఉన్న వైఫై పాస్‌వర్డ్ తెర మీద చూపిస్తుందేమో చూడండి.
☐ పెన్‌డ్రైవ్‌లోంచి ఒక ప్రోగ్రామ్ నడుస్తుందా?
☐ కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే వచ్చే సెట్టింగ్‌లలోకి) వెళ్లగలుగుతున్నారా?
☐ స్కూల్ మొత్తానికి వెళ్లే ఈమెయిల్ గ్రూప్‌కు విద్యార్థి ఖాతా నుంచి మెయిల్ పంపగలుగుతున్నారా?

కనిపించినవన్నీ రాసుకోండి. అక్కడికక్కడే ఒక్కొక్కటీ సరిచేయడం మొదలుపెట్టకండి. ఇంకోవైపు ఏది ఆగిపోతుందో తెలియదు. స్విచ్‌లు ఎక్కడున్నాయి, ఏ గోడ సాకెట్ ఏ పోర్ట్‌కు వెళుతుంది అన్న పటం ఒకటి గీసుకుని, ఇప్పుడున్న సెట్టింగ్‌లకు బ్యాకప్ తీసుకున్నాకే మార్పులకు దిగండి.

## 2. ఖాతాలు, పాస్‌వర్డ్‌లు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

టీచర్ల ఖాతాలు. పాస్‌వర్డ్ ఎలా పోతుందో తెలియాలంటే క్లాస్‌రూమ్‌లో వెనక బెంచీ నుంచి చూడండి. టీచర్ ప్రొజెక్టర్ ఆన్ చేసి, ఆ తర్వాత లాగిన్ అవుతారు. తొందరలో యూజర్‌నేమ్ పెట్టెలోనే పాస్‌వర్డ్ కొట్టేస్తారు. అది గోడంత పెద్దగా కనిపిస్తుంది. ఇంకోసారి కీబోర్డు మీద వేళ్లు ఎటు కదిలాయో ముందు బెంచీ వాళ్లు చూస్తారు. లేదా టీచర్ రెండు నిమిషాలు బయటికి వెళతారు, కంప్యూటర్ తెరిచే ఉంటుంది. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు చూడటానికి ఆ రెండు నిమిషాలు చాలు.

కాబట్టి టీచర్లతో ఈ అలవాట్లు చేయించండి:

☐ ముందు లాగిన్, తర్వాతే ప్రొజెక్టర్.
☐ కుర్చీ లేస్తే స్క్రీన్ లాక్. మరిచిపోయినా 5 నిమిషాల్లో దానంతటదే లాక్ అయ్యేలా సెట్ చేయండి.
☐ క్లాస్‌రూమ్ కంప్యూటర్ బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ సేవ్ చేసే సౌకర్యమే ఆపేయండి.
☐ మార్కుల సాఫ్ట్‌వేర్‌కు, ఈమెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ లాంటి రెండో ఆధారం) తప్పనిసరి. క్లాసులోకి ఫోన్ తేకూడదన్న నియమం ఉంటే తాళంచెవిలా వాడే సెక్యూరిటీ కీ ఇవ్వండి.
☐ కీబోర్డు వైరు కంప్యూటర్‌లో గుచ్చే చోట మధ్యలో చిన్న అడాప్టర్ లాంటిది ఏదైనా ఉందేమో వారానికోసారి చూడండి. అది కొట్టిన ప్రతి అక్షరాన్నీ దాచుకునే కీలాగర్ కావచ్చు. ఏ యాంటీవైరస్‌కూ అది కనిపించకపోవచ్చు.

రెండంచెల ధ్రువీకరణ ఒక్కటి పెట్టినా చూసి దొంగిలించిన పాస్‌వర్డ్ దాదాపు పనికిరాకుండా పోతుంది. టీచర్లు మొదట విసుక్కుంటారు. ప్రిన్సిపల్ ఖాతాతో మొదలుపెడితే ఆ విసుగు త్వరగా తగ్గుతుంది.

విద్యార్థుల ఖాతాలు. పుట్టినతేదీ, రోల్ నంబర్ కలిపి పాస్‌వర్డ్‌లు ఇస్తే క్లాసులో అందరికీ అందరి పాస్‌వర్డ్‌లూ ఇచ్చినట్టే. ఒక్కొక్కరికీ వేరే పాస్‌వర్డ్ తయారుచేసి, మొదటిసారి లాగిన్‌లోనే మార్చుకునేలా పెట్టండి. మరీ చిన్న తరగతుల పిల్లలకు ఇది కష్టం. వాళ్లకు తేలిక పాస్‌వర్డే ఇచ్చి, ఆ ఖాతాకు ఉండే హక్కులు తగ్గించండి.

అడ్మిన్ ఖాతాలు. అంటే సెట్టింగ్‌లన్నీ మార్చే హక్కున్నవి. ల్యాబ్‌లో కంప్యూటర్లన్నిటికీ ఒకే లోకల్ అడ్మిన్ (ఆ కంప్యూటర్‌కే చెందిన అడ్మిన్ ఖాతా) పాస్‌వర్డ్ ఉంటే, ఒకదాంట్లో అది తెలిసినవాళ్ల చేతికి ల్యాబ్ మొత్తం వచ్చినట్టే. విండోస్ ల్యాప్స్ అనే సౌకర్యం ప్రతి మెషీన్‌కూ వేరే పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని ఎప్పటికప్పుడు మారుస్తుంది. 2023 ఏప్రిల్ అప్‌డేట్ల నుంచి అది విండోస్‌లోనే ఉంది, విడిగా దించుకోనక్కర్లేదు.

మీకు రెండు ఖాతాలు ఉండాలి. రోజువారీ పనికి ఒకటి మామూలుది, అడ్మిన్ పనికి మరొకటి. డొమైన్ అడ్మిన్ ఖాతాతో (స్కూల్ కంప్యూటర్లన్నిటి మీదా అధికారం ఉన్నదానితో) ల్యాబ్ కంప్యూటర్‌లో ఎప్పుడూ లాగిన్ కావద్దు. ఆ లాగిన్ ఆనవాళ్లు ఆ మెషీన్‌లో మిగులుతాయి, వాటిని బయటికి తీసే టూల్స్ సులభంగా దొరుకుతాయి.

యాక్టివ్ డైరెక్టరీ (ఖాతాలను, కంప్యూటర్లను ఒకేచోటి నుంచి నడిపే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ; అలా నడిచే సముదాయమే డొమైన్) వాడేవాళ్లు ఇంకో రెండు చూడాలి. పాత గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సుల్లో (కంప్యూటర్లన్నిటికీ ఒకేసారి పంపే సెట్టింగ్‌ల్లో) పెట్టిన పాస్‌వర్డ్‌లు సర్వర్‌లోని సిస్‌వాల్ అనే ఫోల్డర్‌లో ఉండిపోతాయి. డొమైన్‌లో లాగిన్ ఉన్న ప్రతివాళ్లూ ఆ ఫోల్డర్ చదవగలరు. ఆ పాస్‌వర్డ్‌లను దాచడానికి వాడిన కీ కూడా బహిరంగమే. 2014లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్ కొత్తగా అలా పెట్టకుండా ఆపింది కానీ పాతవాటిని తీసేయలేదు. మీరే వెతికి తీసేయాలి, ఆ పాస్‌వర్డ్‌లు మార్చాలి. రెండోది, మామూలు యూజర్ ఎవరైనా 10 కంప్యూటర్ల వరకు డొమైన్‌లో చేర్చగలిగేలా డీఫాల్ట్ ఉంటుంది. దాన్ని సున్నా చేయండి.

తరచూ జరిగే పొరపాటు: తప్పు పాస్‌వర్డ్ మూడుసార్లు కొడితే ఖాతా లాక్, అడ్మిన్ వచ్చి తీసేదాకా అంతే అని పెట్టడం. పరీక్ష రోజు ఎవరో టీచర్ల ఖాతాలన్నీ కావాలనే లాక్ చేసి కూర్చుంటారు. పది తప్పుల తర్వాత లాక్ అయ్యి, 10-15 నిమిషాల్లో దానంతటదే తెరుచుకునేలా పెట్టండి.

## 3. ల్యాబ్ కంప్యూటర్లు

పెన్‌డ్రైవ్‌లో లినక్స్ పెట్టుకొచ్చి, దాంతో కంప్యూటర్ బూట్ చేస్తే విండోస్ పెట్టిన ఆంక్షలేవీ వర్తించవు. డిస్క్ అంతా తెరిచిన పుస్తకమే. అక్కడి నుంచి ఒక పాత ఉపాయం ఉంది: లాగిన్ తెర మీద షిఫ్ట్ కీ ఐదుసార్లు నొక్కితే వచ్చే స్టిక్కీ కీస్ ఫైలు స్థానంలో కమాండ్ ప్రాంప్ట్ పెట్టేయడం. అప్పుడు లాగిన్ కాకుండానే అడ్మిన్ హక్కులతో విండో తెరుచుకుంటుంది. దీన్ని ఆపడానికి మూడూ కావాలి:

☐ బయోస్‌కు పాస్‌వర్డ్.
☐ లోపలి డిస్క్ నుంచి మాత్రమే బూట్. బూట్ మెనూ కీ కూడా ఆపేయాలి.
☐ డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే డిస్క్‌ను చదవలేకుండా చేయడం).

సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సిస్టమ్‌లనే బూట్ కానిచ్చే సెట్టింగ్) ఆన్ చేశాం కదా, చాలదా అని అడుగుతారు. చాలదు. ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్‌లు సెక్యూర్ బూట్ ఉన్నా బూట్ అవుతాయి. బయోస్ పాస్‌వర్డ్ ఒక్కటే ఉంటే, కొన్ని మెషీన్లలో మూత తీసి బ్యాటరీనో జంపర్‌నో కదిపితే అది చెరిగిపోతుంది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ఇవేవీ పెద్దగా ఉపయోగపడవు. రికవరీ కీలు విద్యార్థులకు అందని చోట ఉంచండి.

ప్రోగ్రామ్‌ల విషయంలో సూత్రం ఒక్కటే: యూజర్ ఫైలు రాయగలిగిన చోటు నుంచి ఏదీ నడవకూడదు, నడిచే చోట యూజర్ రాయకూడదు. డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్, పెన్‌డ్రైవ్, యాప్‌డేటా ఫోల్డర్లు మొదటి రకం. విండోస్‌లోని యాప్‌లాకర్‌తో ఈ నియమం పెట్టొచ్చు. మొదటి రెండు వారాలు "లాగ్ మాత్రమే" పద్ధతిలో నడిపి, పాఠాలకు వాడే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఆగిపోతుందా అని చూసి, అప్పుడు అమలు చేయండి. నేరుగా అమలు చేస్తే సోమవారం పొద్దున్నే ఫోన్లు మొదలవుతాయి, మంగళవారానికి నియమం తీసేయాల్సి వస్తుంది.

ప్రోగ్రామింగ్ క్లాసు పిల్లలకు పైథాన్, టెర్మినల్ కావాలి. వాటిని అందరికీ ఆపేసి చదువు చెడగొట్టొద్దు. వాళ్లకు వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపలే విడిగా నడిచే మరో కంప్యూటర్ లాంటివి) ఇవ్వండి, లేదా మిగతా నెట్‌వర్క్‌తో సంబంధం లేని ఒక ల్యాబ్ కేటాయించండి.

క్రోమ్‌బుక్‌లు వాడుతుంటే ఇవి చూడండి:

☐ రీసెట్ చేసినా మళ్లీ స్కూల్ నిర్వహణలోకే వచ్చేలా ఫోర్స్‌డ్ రీ-ఎన్‌రోల్‌మెంట్.
☐ ఎక్స్‌టెన్షన్లు అన్నీ బ్లాక్, అనుమతించిన జాబితా మాత్రమే.
☐ బుక్‌మార్క్‌లో జావాస్క్రిప్ట్ పెట్టి నడిపే చిట్కా ఒకటి పిల్లల్లో బాగా తిరుగుతుంది. బ్లాక్ చేసే అడ్రస్‌ల జాబితాలో జావాస్క్రిప్ట్ స్కీమ్‌ను చేర్చండి.

క్లాసు తెరలన్నీ టీచర్‌కు చూపించే సాఫ్ట్‌వేర్ ఉంటే దాని ప్రైవేట్ కీ ఫైలు (తెరలు చూసే హక్కునిచ్చే రహస్య ఫైలు) టీచర్ మెషీన్‌లో మాత్రమే ఉండాలి. ఒక కంప్యూటర్‌లో ఉన్నదంతా ఇమేజ్‌గా మిగతావాటికి కాపీ చేసేటప్పుడు అది పొరపాటున అన్నిట్లోకీ వెళితే, పిల్లలే టీచర్ తెర చూస్తారు.

## 4. నెట్‌వర్క్‌ను విడదీయడం

అందరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నంతకాలం పైన చేసిన పని సగమే. కనీసం ఈ వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌ల మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లు) చేయండి:

- విద్యార్థుల కంప్యూటర్లు
- టీచర్లు, ఆఫీసు
- సర్వర్లు
- ప్రింటర్లు, ప్రొజెక్టర్లు, కెమెరాలు
- స్విచ్‌లు, యాక్సెస్ పాయింట్ల నిర్వహణ
- సొంత ఫోన్లు, అతిథులు

వీల్యాన్‌లు చేసి ఊరుకుంటే సరిపోదు. వాటి మధ్య రౌటర్ అన్నిటినీ కలిపేస్తూనే ఉంటుంది. విద్యార్థి వీల్యాన్ నుంచి మిగతావాటికి "అన్నీ నిషేధం" పెట్టి, అవసరమైనవి మాత్రమే తెరవండి: డీఎన్ఎస్ (సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చేది), డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు ఐపీ అడ్రస్‌లు పంచేది), లాగిన్ సర్వర్, ప్రింట్ సర్వర్. ఇదే నియమం ఐపీవీ6కు (ఐపీ అడ్రస్‌ల కొత్త పద్ధతికి) కూడా రాయండి. ఐపీవీ4 కు మాత్రమే రాసి, పక్కనున్న దారి తెరిచి వదిలేసిన నెట్‌వర్క్‌లు చాలా ఉంటాయి.

ఇక స్విచ్‌లు. ల్యాబ్‌లో సగం కంప్యూటర్లకు ఉన్నట్టుండి ఇంటర్నెట్ పోయింది, ఐపీ అడ్రస్ చూస్తే మీరెప్పుడూ ఇవ్వని 192.168.1 సిరీస్‌ది. ఇలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది ఎవరో ఇంటి నుంచి వైఫై రౌటర్ తెచ్చి గోడ సాకెట్‌కు తగిలించారని. ఆ రౌటర్ తనే డీహెచ్‌సీపీ సర్వర్‌నని అందరికీ అడ్రస్‌లు పంచుతుంది. డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేస్తే మీ సర్వర్ ఉన్న పోర్ట్ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచి అడ్రస్‌లు వచ్చినా స్విచ్ ఆపేస్తుంది. ఒకే కేబుల్ రెండు కొసలూ రెండు సాకెట్లలో గుచ్చితే స్కూల్ నెట్‌వర్క్ మొత్తం స్తంభించిపోవచ్చు. దానికి మందు స్విచ్‌లో ఉండే బీపీడీయూ గార్డ్, లూప్ ప్రొటెక్షన్ అనే సెట్టింగ్‌లు.

☐ వాడని పోర్ట్‌లు షట్‌డౌన్.
☐ క్లాస్‌రూమ్ పోర్ట్‌లన్నీ యాక్సెస్ మోడ్‌లో (ఒకే వీల్యాన్‌కు పరిమితమై), ట్రంక్ (అనేక వీల్యాన్‌లను మోసే లింక్) కోసం దానంతటదే బేరమాడుకునే సెట్టింగ్ ఆఫ్.
☐ డీహెచ్‌సీపీ స్నూపింగ్, ఆ తర్వాత ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ (ఒక కంప్యూటర్ ఇంకోదానిలా నటించకుండా ఆపే తనిఖీ). ఈ వరుస తప్పితే ఉన్న కంప్యూటర్లకే కనెక్షన్ పోతుంది.
☐ స్విచ్‌లున్న గదికి, పెట్టెకు తాళం.

వైఫైకి అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉంటే దాన్ని రహస్యం అనుకోవద్దు. ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చూపించి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. డబ్ల్యూపీఏ3కి (వైఫై భద్రతా పద్ధతుల్లో కొత్తదానికి) మారినా పంచుకునే పాస్‌వర్డ్ పంచుకునేదే. టీచర్ల నెట్‌వర్క్‌కు ఎంటర్‌ప్రైజ్ పద్ధతి, అంటే 802.1ఎక్స్‌తో ఎవరి లాగిన్ వాళ్లకే ఉండేది, పెట్టండి. సర్టిఫికెట్‌తో అయితే ఇంకా మంచిది. మ్యాక్ అడ్రస్ (పరికరం తనను గుర్తించుకునే నంబర్) జాబితాతో అడ్డుకుందామనుకుంటే వృథా. దాన్ని మార్చుకునే సౌకర్యం ఫోన్లలోనే ఉంది.

## 5. ఫిల్టర్‌ను దాటే దారులు

విద్యార్థి వీల్యాన్ నుంచి స్కూల్ డీఎన్ఎస్ సర్వర్‌కు తప్ప బయటికి డీఎన్ఎస్ వాడే పోర్ట్ 53, 853 మూసేయండి (ఇక్కడ పోర్ట్ అంటే స్విచ్ సాకెట్ కాదు, ట్రాఫిక్ రకాన్ని చెప్పే నంబర్). బ్రౌజర్లు డీఎన్ఎస్‌ను హెచ్‌టీటీపీఎస్‌లో (గుప్తంగా వెళ్లే వెబ్ ట్రాఫిక్‌లో) దాచి 443 మీద పంపగలవు (దీన్నే డీఓహెచ్ అంటారు), కాబట్టి బ్రౌజర్ పాలసీలో ఆ సౌకర్యం ఆఫ్ చేసి, పేరున్న డీఓహెచ్ సర్వర్లను కూడా బ్లాక్ చేయండి. యూడీపీ 443 ఆపితే బ్రౌజర్ మామూలు టీసీపీకి వస్తుంది, ఫిల్టర్ పని తేలికవుతుంది. ట్రాఫిక్‌ను ఫిల్టర్‌కు కనిపించకుండా బయటి సర్వర్‌కు చేర్చే వీపీఎన్‌లను ఆపడానికి యూడీపీ 1194, 51820, 500, 4500 ఆపొచ్చు. ఇంకా మంచి పద్ధతి, బయటికి వెళ్లాల్సిన పోర్ట్‌లు మాత్రమే తెరిచి మిగతావన్నీ మూసేయడం.

అనువాద సైట్లు కూడా ప్రాక్సీలా (మన తరఫున పేజీ తెచ్చే మధ్యవర్తిలా) పనిచేస్తాయి. బ్లాక్ అయిన పేజీ అడ్రస్‌ను అక్కడ ఇస్తే అది తెచ్చి చూపిస్తుంది. పూర్తి పేజీలను అనువదించే డొమైన్‌ను ఆపి, వాక్యాలు అనువదించుకునే పేజీని ఉంచండి. భాష నేర్చుకునే పిల్లలకు అది అవసరం.

ఆటల సైట్లు, ప్రాక్సీలు రోజుకో కొత్త అడ్రస్‌తో వస్తాయి. ఒక్కొక్కదాన్నీ తరుముతూ కూర్చోకండి. కొత్తగా రిజిస్టరైన డొమైన్లు, వర్గం తెలియని డొమైన్లు విద్యార్థులకు ఆపితే చాలావరకు పోతాయి. సొంత ఫోన్ హాట్‌స్పాట్ వాడితే నెట్‌వర్క్ ఫిల్టర్‌కు అసలు సంబంధమే ఉండదు. స్కూల్ ల్యాప్‌టాప్‌లకు ఫిల్టర్ మెషీన్‌లోనే ఉండాలి.

హెచ్‌టీటీపీఎస్‌ను విప్పి చూసే తనిఖీ పెట్టదలిస్తే స్కూల్ సొంత పరికరాలకే పరిమితం చేయండి. బ్యాంకు, ఆరోగ్య సైట్లను మినహాయించండి. పిల్లల సొంత ఫోన్లలో స్కూల్ సర్టిఫికెట్ వేయించడం తప్పు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. హోంవర్క్‌కు కావాల్సిన పేజీ బ్లాక్ అయి, తెరవమని అడిగితే వారం పట్టే చోట, బుద్ధిమంతులు కూడా ప్రాక్సీ నేర్చుకుంటారు. తెరవమన్న అభ్యర్థనకు అదే రోజు జవాబివ్వండి.

## 6. అందరూ మరిచిపోయే పరికరాలు

2021లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో డిస్ట్రిక్ట్ 214 హైస్కూళ్లలో క్లాస్‌రూమ్ ప్రొజెక్టర్లు, టీవీలను విద్యార్థులు ఒకేసారి తమ చేతుల్లోకి తీసుకుని ఒక వీడియో వేశారు. వాళ్లకు కలిసొచ్చినవాటిలో మార్చకుండా వదిలేసిన డీఫాల్ట్ పాస్‌వర్డ్‌లు ఉన్నాయి.

☐ ప్రింటర్, ప్రొజెక్టర్, కెమెరా, స్మార్ట్‌బోర్డు: ప్రతిదానికీ డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చారా?
☐ స్కాన్ చేసి మెయిల్ పంపే ప్రింటర్‌లో ఎవరి ఖాతా పెట్టారు? అది అడ్మిన్ ఖాతా కాకూడదు.
☐ ప్రశ్నపత్రాలు ప్రింట్ చేసే మెషీన్‌లో పాత జాబ్‌లు దాచే సౌకర్యం ఆఫ్‌లో ఉందా?

## 7. లాగ్‌లు, బ్యాకప్

అన్ని పరికరాల గడియారాలూ ఒకే ఎన్‌టీపీ (సమయం చెప్పే) సర్వర్‌తో కలపండి. సమయాలు కలవకపోతే లాగ్‌లు ఉన్నా పనికిరావు. విండోస్‌లో కనీసం ఈ ఈవెంట్ల మీద అలర్ట్ పెట్టండి: 4625 లాగిన్ విఫలం, 4740 ఖాతా లాక్, 4720 కొత్త ఖాతా, 4728, 4732 గ్రూప్‌లో కొత్త సభ్యుడు. చివరి రెండూ అడ్మిన్ గ్రూప్ విషయంలో వస్తే అర్ధరాత్రైనా చూడాల్సిందే.

బ్యాకప్ మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి స్కూల్ బయట. బ్యాకప్ సర్వర్ లాగిన్ డొమైన్ ఖాతాతో కలవకూడదు. మార్కుల డేటాబేస్‌ను టర్ముకోసారి నిజంగా తిరిగి తెచ్చి చూడండి.

బయటి నుంచి ట్రాఫిక్ కుమ్మరించి లైన్ ముంచేసే దాడి మాత్రం మీ స్విచ్‌లతో ఆగదు. 2020 సెప్టెంబరులో అమెరికాలోని మయామీ-డేడ్ స్కూళ్ల ఆన్‌లైన్ క్లాసులపై అలాంటి దాడుల్లో పోలీసులకు దొరికింది 16 ఏళ్ల కుర్రాడు, అక్కడి విద్యార్థే. మీ ఇంటర్నెట్ సంస్థతో ముందే మాట్లాడి, అలాంటప్పుడు ఏ నంబర్‌కు ఫోన్ చేయాలో రాసి పెట్టుకోండి.

## 8. ఎవరైనా దొరికినప్పుడు

1. ఆ ఖాతాను ఆపండి, తొలగించకండి.
2. లాగ్‌లు కాపీ చేసి వేరే చోట పెట్టండి.
3. ఆ కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయకుండా పక్కన పెట్టండి.
4. ఆ ఖాతాను నిజంగా ఆ విద్యార్థే వాడారా? కూర్చున్న చోటు, హాజరు, సమయం కలిపి చూడండి.
5. అప్పుడే తల్లిదండ్రులతో మాట్లాడండి.

నాలుగోది దాటేసి నేరుగా శిక్షకు వెళ్లడం అన్యాయం. వేరేవాళ్ల పాస్‌వర్డ్‌తో చేసి వాళ్ల మీదకు నెట్టడం పిల్లలకు తెలియని విద్యేం కాదు.

## 9. లోపం చెప్పే పిల్లలకు ఒక దారి

డిస్ట్రిక్ట్ 214 విద్యార్థులు తాము చేసినదంతా 26 పేజీల నివేదికగా రాసి అధికారులకు పంపారు. అధికారులు వాళ్లను శిక్షించలేదు, కృతజ్ఞతలు చెప్పి వివరంగా చెప్పమన్నారు. అన్నిచోట్లా ఇలా జరగదు. అందుకే మీ స్కూల్లో ముందే రాసి పెట్టండి: లోపం కనిపిస్తే ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చూడొచ్చు, ఎక్కడ ఆగాలి. ఇతరుల డేటా తెరవకుండా, ఏదీ మార్చకుండా వచ్చి చెప్పినవాళ్లకు శిక్ష ఉండదని స్పష్టంగా ఉండాలి. మూడు రోజుల్లో జవాబివ్వండి. సరిచేశాక పిలిచి చూపించండి.

నెట్‌వర్క్‌తో సంబంధం లేని పాత కంప్యూటర్లు కొన్ని, ఒక స్విచ్ ఇచ్చి, వాటి మీద ఏం చేసుకున్నా పర్వాలేదని చెప్పండి. ల్యాబ్‌లో స్టిక్కీ కీస్ ప్రయత్నించే పిల్లలే అక్కడ గంటల తరబడి కూర్చుంటారు. ఆ ఆసక్తిని అణచకూడదు.

## 10. మళ్లీ ఎప్పుడు చూడాలి

సంవత్సరం మొదట్లో: వెళ్లిపోయిన టీచర్లు, విద్యార్థుల ఖాతాలు మూసేయడం, ఫర్మ్‌వేర్ (పరికరాల లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు, కొత్త పరికరాల డీఫాల్ట్ పాస్‌వర్డ్‌లు.

ప్రతి టర్ములో: విద్యార్థి ఖాతాతో మళ్లీ ఒక గంట కూర్చోవడం.

మార్కులు ఎక్కించే వారానికి ముందు: మార్కుల సాఫ్ట్‌వేర్‌లో ఎవరికి మార్చే హక్కు ఉందో జాబితా ప్రింట్ తీసి ప్రిన్సిపల్‌తో కలిసి చూడండి, అక్కర్లేని పేర్లు కొట్టేయండి. ఎక్కించడం పూర్తయ్యాక, టీచర్లు సంతకం పెట్టిన కాగితంతో సిస్టమ్‌లోని మార్కులను ఒక్కో క్లాసు నుంచి కొన్ని తీసి పోల్చండి.